‘ఇనిషియలైజ్’ అని అడిగితే ‘క్యాన్సిల్’ నొక్కండి

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే చాలావాటిలో ఒకటే గోడు: “పాత డిస్క్, కొత్త డిస్క్ కలిపి ఒకే డ్రైవ్ చేశాను మేడమ్, అప్పట్నుంచీ...” ఆ చుక్కల తర్వాత ఏముంటుందో చదవకుండానే చెప్పగలను. ఇరవై రెండేళ్లు సర్వీసు బల్ల ముందు కూర్చుని డిస్కుల చప్పుళ్లు విన్నదాన్ని. అందుకే ప్రింటర్ల వాళ్లను, వైఫై వాళ్లను వచ్చే నెలదాకా ఆగమని చెప్పి, ఈసారి ఈ పేజీలన్నీ డిస్కులు కలిపినవాళ్లకే ఇస్తున్నాను.

ప్రశ్న: మా కంప్యూటర్‌లో ఆరేళ్ల నాటి 1 టీబీ హార్డ్ డిస్క్ ఉంది. డి డ్రైవ్ నిండిపోయిందని 2 టీబీ కొత్త డిస్క్ బిగించాను. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డి మీద రైట్ క్లిక్ చేసి, ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ నొక్కి కొత్త డిస్క్‌ను చేర్చాను. డైనమిక్ అంటూ ఏదో హెచ్చరిక వచ్చింది, ‘ఎస్’ అన్నాను. డి డ్రైవ్ 2.72 టీబీ చూపించింది. మూడు నెలలు హాయిగా నడిచింది. ఇప్పుడు ఫొటోల ఫోల్డర్ తెరిస్తే నిమిషం పాటు అంతా బిగుసుకుపోతోంది, లోపల కట్ కట్ మని చప్పుడు. మొన్న పొద్దున డి డ్రైవే కనిపించలేదు, రీస్టార్ట్ చేస్తే వచ్చింది. మా బావగారు చెక్ డిస్క్‌ను ‘ఆర్’ ఆప్షన్‌తో రాత్రంతా నడపమంటున్నారు. నడపమంటారా? క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పాత డిస్క్ పసుపు రంగులో ఉంది. 05 ఎదురుగా 10, సీ5 ఎదురుగా 38, సీ7 ఎదురుగా 0 ఉన్నాయి.

జవాబు: నడపొద్దు. ఆ కంప్యూటర్ ఇప్పుడు ఆన్‌లో ఉంటే ముందు వెళ్లి షట్‌డౌన్ చేసి రండి, మిగతాది తర్వాత చదువుదురు గాని.

అంకెలు రాసి పంపినందుకు మీకు నమస్కారం. “డిస్క్ ఏదోలా ఉంది” అని రాసేవాళ్లే ఎక్కువ. అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఆ డిస్క్ ఆరోగ్యం చెప్పే ప్రోగ్రామ్ అంకెల్ని మామూలుగా మనం లెక్కపెట్టే పద్ధతిలో చూపించదు, పదహారు చొప్పున లెక్కవేసి చూపిస్తుంది. అక్కడ 10 అంటే 16. 38 అంటే 56. 05 అనేది ఇప్పటికే పాడై, వాటి బదులు డిస్క్ తన దగ్గరున్న స్పేర్ సెక్టార్లను (సెక్టార్ అంటే డిస్క్ మీది చిన్న గడి) వాడుకున్న చోట్ల లెక్క. అవి పోయినా పని గడిచిపోయింది. అసలు భయపడాల్సింది సీ5. డిస్క్ చదవబోయి చదవలేక, “ఇది పోయిందా, ఉందా” అని తేల్చుకోలేక పక్కన పెట్టిన సెక్టార్లు అవి. మీకు అలాంటివి 56 ఉన్నాయి. ఆ కట్ కట్ చప్పుడు, డిస్క్‌ను చదివే ముల్లు లాంటి హెడ్ అదే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి చదవడానికి తంటాలు పడుతున్న చప్పుడు. సీ7 అంటే డిస్క్‌కూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో వచ్చిన తప్పుల లెక్క. అది సున్నా కాబట్టి కేబుల్‌ను అనుమానించక్కర్లేదు. జబ్బు డిస్క్‌దే.

మీరు చేసినదాన్ని స్పాన్డ్ వాల్యూమ్ అంటారు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో రెండు డిస్కుల మీదా ఊదా రంగు పట్టీ కనిపిస్తోంది కదా, అదే. విండోస్ 2000 నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. ఒక పుస్తకాన్ని సగానికి చింపి రెండు బీరువాల్లో పెట్టినట్టు అనుకోండి. మొదటి పేజీలు పాత డిస్క్‌లో, మిగతావి కొత్త డిస్క్‌లో. ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే విషయసూచిక మొదటి పేజీల్లోనే ఉంటుంది, అంటే మీ విషయంలో ఆరేళ్ల పాత డిస్క్‌లో. ఆ సూచికకు నకలు కూడా ఒకటి ఉంటుంది గానీ, అందులో ఉండేది మొదటి నాలుగు నమోదులు మాత్రమే. మీ ఫొటోల పేర్లు అందులో ఉండవు. కాబట్టి రేపు పాత డిస్క్ ఆగిపోతే, కొత్త 2 టీబీ డిస్క్ రాయిలా ఉన్నా అందులోని సరుకు ఏది ఏమిటో చెప్పే దిక్కుండదు. కొత్తది చేర్చారు కాబట్టి డ్రైవ్ కొత్తదైందని అనుకున్నారు. నిజానికి కొత్త డిస్క్ ఆయుష్షును తీసుకెళ్లి పాత డిస్క్‌కు ముడివేశారు.

ఇక డ్రైవ్‌లో తప్పులు వెతికి సరిచేసే చెక్ డిస్క్ సంగతి. ‘ఆర్’ పెడితే అది డ్రైవ్‌లోని ప్రతి సెక్టార్‌నూ చదువుతుంది. ఆయాసపడుతున్న డిస్క్ చేత రాత్రంతా పరుగు పెట్టించడమే అది. పైగా చెక్ డిస్క్‌కు కావలసింది డ్రైవ్ లెక్క కుదరడం, మీ ఫొటోలు కాదు. సూచికలో చదవలేని చోటు కనిపిస్తే దాన్ని కొట్టేసి ముందుకు పోతుంది. పొద్దున్నే లేచి చూస్తే ‘ఫౌండ్.000’ అనే ఫోల్డర్, అందులో పేర్లు పోయిన ‘సీహెచ్‌కే’ ఫైళ్లు వేలకు వేలు. అలాంటి ఫోల్డర్ తెరిచి, ఏది పెళ్లి ఫొటో, ఏది పనికిరాని చెత్త అని ఒక్కొక్కటీ చూస్తూ కూర్చున్న రోజులు నాకు ఇప్పటికీ గుర్తే. బావగారితో నొచ్చుకోకుండా చెప్పండి, చెక్ డిస్క్ మంచిదే, డిస్క్ ఒంట్లో బాగున్నప్పుడు.

చేయాల్సింది ఇది. అదే సైజు డిస్క్ మరొకటి సంపాదించండి. పాత డిస్క్‌ను మొత్తంగా, మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా, దాని మీదికి నకలు తీయాలి. పార్టిషన్‌ను మాత్రమే తీస్తే చాలదు. డిస్కులు ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయో రాసిన వివరం మీలాంటి పాత డిస్క్‌లో సాధారణంగా చివరి 1 ఎంబీలో ఉంటుంది, అది రాకపోతే నకలు ఉండి లాభం లేదు. ఈ పనికి నేను వాడేది డీడీరెస్క్యూ. ఉచితం. లినక్స్‌ను పెన్ డ్రైవ్ నుంచి ఆన్ చేసి నడుపుకోవచ్చు. దాని మంచి గుణం ఏమిటంటే మొండికేసిన చోట కూర్చోదు. ముందు తేలిగ్గా చదవగలిగినవన్నీ లాగేసి, కష్టమైన చోట్లను మ్యాప్ ఫైల్‌లో గుర్తు పెట్టుకుని, చివర్లో వాటి దగ్గరికి వస్తుంది. మధ్యలో కరెంట్ పోయినా ఆ మ్యాప్ ఫైల్ ఉంటే ఆగిన చోటి నుంచే సాగుతుంది. ఆ ఫైల్‌ను మూడో చోట, వేరే పెన్ డ్రైవ్‌లో పెట్టుకోండి. ఆరోగ్యంగా ఉన్న 1 టీబీ డిస్క్ సెకనుకు 150 ఎంబీ చొప్పున రెండు గంటల లోపే చదివించుకుంటుంది. మీది రెండు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. గంటగంటకూ వెళ్లి చూడకండి, చూసినంత మాత్రాన త్వరగా అవదు.

ఒక్క జాగ్రత్త. ఏ డిస్క్ నుంచి, ఏ డిస్క్‌లోకి అన్నది తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ ఫొటోల మీద పడుతుంది. నేను ప్రతి డిస్క్ మీదా చిన్న కాగితం అంటించి సీరియల్ నంబర్ చివరి నాలుగు అక్షరాలు పెద్దగా రాసుకునేదాన్ని. స్క్రీన్ మీద అవే అక్షరాలు కనిపించాకే ఎంటర్ నొక్కేదాన్ని. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి ఆ కాగితం అంటించడానికి బద్ధకించాను. ఆ కథ ఇక్కడ వద్దు.

నకలు అయ్యాక పాత డిస్క్ తీసేసి, దాని స్థానంలో నకలు బిగించి, కొత్త 2 టీబీతో కలిపి ఆన్ చేయండి. అసలునూ నకలునూ ఒకేసారి విండోస్ ముందు పెట్టకండి. డి డ్రైవ్ కనిపించగానే కావలసినవన్నీ వేరే డిస్క్‌కు కాపీ చేసుకోండి. చెక్ డిస్క్ నడపాలన్న సరదా ఇంకా మిగిలి ఉంటే అప్పుడు నడపండి, నకలు మీద. వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే డిస్కుల పక్కన ‘ఫారిన్’ అని వస్తుంది. కంగారు పడొద్దు, పరాయి ఇంటి డిస్క్ అని అర్థం. రెండు డిస్కులూ తగిలించి ఉన్నప్పుడే ‘ఇంపోర్ట్ ఫారిన్ డిస్క్స్’ నొక్కాలి.

“కాపీ ఎందుకు, పాత డిస్క్‌ను మాత్రం ఆ జంట లోంచి తీసేయలేనా?” అని మీరు అడగబోతారు. తీయలేరు. స్పాన్డ్ వాల్యూమ్‌లో చేర్చడమే గానీ విడదీయడం లేదు. ఒక ముక్క తీస్తే మొత్తం వాల్యూమ్ పోతుంది. కలిపేటప్పుడు వచ్చిన హెచ్చరికలో ఇంత వివరంగా రాసి ఉండదు, అందుకే అందరూ ‘ఎస్’ అంటారు.

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ కొన్నప్పుడు రెండు 2 టీబీ డిస్కుల్ని మదర్‌బోర్డులోని రైడ్‌తో కలిపి ఒకే డ్రైవ్ చేశాడు. ఎప్పుడూ ఇబ్బంది లేదు. మేము నెల రోజులు ఊళ్లో లేము, కంప్యూటర్ ప్లగ్ కూడా తీసేసి వెళ్లాం. తిరిగొచ్చి ఆన్ చేస్తే తేదీ ఎప్పటిదో చూపించింది, ఎఫ్1 నొక్కమంది. నొక్కితే విండోస్ వచ్చింది గానీ పెద్ద డ్రైవ్ లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే “డిస్క్‌ను ఇనిషియలైజ్ చేయాలి, ఎంబీఆర్ కావాలా జీపీటీ కావాలా” అని అడుగుతోంది. అబ్బాయి హాస్టల్లో ఉన్నాడు, ఫోన్ ఎత్తడం లేదు. ఏది నొక్కాలి?

జవాబు: రెండూ వద్దమ్మా. డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో రాసుకునే రెండు పద్ధతుల పేర్లు అవి. ‘క్యాన్సిల్’ నొక్కండి. నొక్కకముందే నన్ను అడిగారు, ఈ నెలంతటికీ నాకు ఇదే శుభవార్త.

తేదీ తప్పుగా వచ్చిందని రాశారు చూడండి, మీ సమస్యంతా ఆ మాటలోనే ఉంది. మదర్‌బోర్డు మీద గుండ్రటి బటన్ సెల్ ఒకటి ఉంటుంది, దాదాపు అన్నింటిలోనూ సీఆర్2032, 3 వోల్టులది. ప్లగ్ తీసి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపేది అదే. చాలా బోర్డుల్లో బయోస్ (విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రామ్) సెట్టింగులు గుర్తుండేదీ దాని వల్లే. అది అయిపోయింది. దాంతో బయోస్ అన్నీ మరిచిపోయి ఫ్యాక్టరీ సెట్టింగులకు వచ్చేసింది. మీ అబ్బాయి ‘రైడ్’ అని పెట్టిన చోట ఇప్పుడు ‘ఏహెచ్‌సీఐ’ అని, అంటే డిస్కుల్ని విడివిడిగా చూసే పద్ధతి, ఉంటుంది. రైడ్ తెలియని విండోస్ కంటికి మీ జంట రెండు ముక్కలుగా, అర్థం కాని రాతలున్న విడి డిస్కులుగా కనిపిస్తోంది. అందుకే పలక తుడిచి కొత్తగా రాసుకుందామా అని అడుగుతోంది. దాని దృష్టిలో మర్యాదగానే అడుగుతోంది. ‘సరే’ అంటే మాత్రం డిస్క్ మొదట్లో, జీపీటీ అయితే చివర్లో కూడా, కొత్త రాతలు రాస్తుంది. రైడ్ వివరాలు ఉండేది ఎక్కువగా ఆ చివర్లోనే.

కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, సెల్ మార్చండి. రాతలున్న ముఖం పైకి ఉండాలి. తర్వాత ఆన్ చేసి బయోస్‌లోకి వెళ్లి, సాటా మోడ్ అనే చోట ‘రైడ్’ ఎంచుకుని సేవ్ చేయండి. రైడ్ స్క్రీన్‌లో మీ రెండు డిస్కులూ, వాటి పక్కన ‘నార్మల్’ అనీ వస్తే గండం గడిచినట్టే. అక్కడ ‘క్రియేట్’ అనీ ‘రీసెట్ టు నాన్ రైడ్’ అనీ కూడా ఉంటాయి. వాటి జోలికి వెళ్లొద్దు. ‘నార్మల్’ రాకపోతే అక్కడితో ఆపేసి అబ్బాయి ఫోన్ ఎత్తేదాకా ఆగండి. డిస్కులు ఆగి ఉంటే వాటికి ఏమీ కాదు.

విండోస్ వేరే ఎస్‌ఎస్‌డీలో ఉన్నట్టుంది, అందుకే కంప్యూటర్ ఆన్ అయింది. ఆ జంట మీదే ఉండుంటే మీకు ఈ ప్రశ్న అడిగే స్క్రీన్ కూడా వచ్చేది కాదు. అబ్బాయి ఫోన్ ఎత్తాక ఒక మాట అడగండి: అది రైడ్ 0నా, రైడ్ 1నా? రైడ్ 1 అయితే రెండు డిస్కుల్లోనూ ఒకటే సరుకు ఉంటుంది. ఒకే పెద్ద డ్రైవ్ 3.63 టీబీ ఉండేదంటే రైడ్ 0. అంటే ఒక్కో ఫైల్‌నూ ముక్కలు చేసి రెండు డిస్కుల్లో మార్చి మార్చి పెడతారు. ఒకటి పోతే రెండోదాంట్లో ఉన్నవి తలలేని, తోకలేని ముక్కలే. స్పాన్డ్‌లో కనీసం కొన్ని ఫైళ్లు ఒకే డిస్క్‌లో పూర్తిగా ఉంటాయి, తవ్వి తీసే ఆశ ఉంటుంది. రైడ్ 0లో చిన్నా చితకా ఫైళ్లు తప్ప ఏదీ ఒకచోట ఉండదు. డ్రైవ్ తిరిగి కనిపించిన రోజునే కాపీ తీయండి.

ప్రశ్న: క్యాబినెట్‌లో రెండు డిస్కులుండేవి, మూడోది చేర్చి అన్నీ కలిపాను. పెద్ద ఫైళ్లు కాపీ చేస్తుంటే మధ్యలో ఒక డిస్క్ మాయమవుతోంది. కుయ్ మని సాగదీసిన శబ్దం, తర్వాత మళ్లీ తిరగడం మొదలు. ఆ డిస్క్ పాడైందనుకుని మార్చాను. కొత్తదాంతోనూ అదే తంతు. సీ5 సున్నా. సీ7 మాత్రం పెద్ద అంకె, రోజుకింత పెరుగుతోంది. నాకు పిచ్చెక్కుతోంది.

జవాబు: సీ7 పెరగడం అంటే డిస్క్‌కూ మదర్‌బోర్డుకూ మధ్య మాటలు తడబడుతున్నాయని. డిస్క్‌ను మార్చారు గానీ, తీగల్ని మార్చలేదు. పాపం ఆ మొదటి డిస్క్ ఏ తప్పూ చేయలేదు, పారేయకుండా ఉంటే వెనక్కి తెచ్చుకోండి.

ముందు సాటా కేబుల్ మార్చండి, మదర్‌బోర్డులో వేరే పోర్టుకు పెట్టండి. సీ7 అంకె ఎప్పటికీ తగ్గదు, అది పాత తప్పుల చిట్టా. ఈ రోజు ఎంతుందో కాగితం మీద రాసుకుని, కేబుల్ మార్చాక ఓ పెద్ద ఫైల్ కాపీ చేసి చూడండి. పెరగకపోతే అది తీరినట్టు.

అయితే ఆ ‘కుయ్’ నాకు నచ్చలేదు. అది కరెంట్ అందక డిస్క్ మోటారు ఆగి మళ్లీ లేస్తున్న శబ్దం. 3.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల తీగలో దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది, తర్వాత తగ్గుతుంది. మూడూ ఒకే తీగ మీద నుంచి వై ఆకారపు కనెక్టర్‌తో పంచుకుంటుంటే పాత ఎస్‌ఎంపీఎస్‌కు (కంప్యూటర్‌కు కరెంట్ అందించే పెట్టెకు) అది బరువే. మూడో డిస్క్‌కు ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా వచ్చే తీగ ఇవ్వండి. లేదా రెండు డిస్కుల పవర్ తీసేసి ఒక్కదాన్నే నడిపి చూడండి, అప్పుడు మాయం కాకపోతే దొంగ దొరికినట్టే. ఇలా పరీక్షించేటప్పుడు మాత్రం కలిపిన డ్రైవ్‌లోకి ఏమీ రాయొద్దు. మిగతా డిస్కులకు ‘మిస్సింగ్’ అని వస్తుంది. అవి తిరిగి తగిలించి ‘రీయాక్టివేట్ డిస్క్’ నొక్కితే సాధారణంగా సర్దుకుంటుంది. ఆ ‘మిస్సింగ్’ను మీరే డిలీట్ చేసుకోకండి.

ఇక్కడ నా కథ చెప్పాలి. సర్వీసు బల్ల దగ్గర చేసిన ప్రతి కంప్యూటర్ గురించీ, ఏం జబ్బు, ఏం మందు అని టైప్ చేసి పెట్టుకునే అలవాటు నాకు. పదకొండేళ్ల నోట్సు. 500 జీబీ, 1 టీబీ డిస్కులు కలిపిన డ్రైవ్‌లో ఉండేవి. “అందరికీ వద్దని చెప్పి మీరు కలిపారా?” అంటారేమో. కలిపాను. వైద్యుడికి పథ్యం ఉండదు. రెండో డిస్క్‌కు పవర్ ఇవ్వడానికి పాత నాలుగు పిన్నుల మోలెక్స్‌ను సాటాగా మార్చే కనెక్టర్ వాడాను. ప్లాస్టిక్‌ను తీగల చుట్టూ కరిగించి పోసిన రకం అది. లోపల తీగలు ఒకదానికొకటి మరీ దగ్గరగా ఉంటాయి, ఒకరోజు కలిశాయి. నేను పక్క గదిలో ఉన్నాను. ముందు వాసన వచ్చింది, తర్వాత కంప్యూటర్ ఆగింది. కనెక్టర్ డిస్క్‌కు అతుక్కుపోయింది, డిస్క్ సర్క్యూట్ బోర్డు మీద నల్లటి మచ్చ. అంతకు ముందు చేత్తో రాసుకున్న మూడు నోటుబుక్కులు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ మూడూ ఇప్పటికీ నా దగ్గరున్నాయి, ఒకదాని మీద టీ మరక కూడా ఉంది. కాబట్టి మీ మూడో డిస్క్ కనెక్టర్‌ను ఒకసారి లాగి చూడండి. వెనక తీగలు ఒక్కొక్కటిగా విడిగా కనిపించే రకం పర్వాలేదు. ఒకే ముద్దగా పోసినట్టుంటే తీసేయండి, రంగు మారిందా లేదా అని చూడాల్సిన పని కూడా లేదు.

ప్రశ్న: సి డ్రైవ్ పక్కనే ఖాళీ ఉంది, అయినా ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ వెలగడం లేదు. 4 టీబీ డిస్క్ పెడితే సగమే వాడుకోనిస్తోంది.

జవాబు: పక్కనే అంటే ఆనుకుని ఉండాలి. మధ్యలో చిన్న రికవరీ పార్టిషన్ కూర్చుని ఉంటుంది, సరిగ్గా చూడండి. దాన్ని జరిపే పనిముట్లు ఉన్నాయి గానీ బ్యాకప్ లేకుండా ముట్టుకోవద్దు. రెండోదానికి కారణం ఎంబీఆర్. 512 బైట్ల సెక్టార్లతో అది 2 టీబీకి మించి లెక్కపెట్టలేదు. డిస్క్ ఖాళీగా ఉన్నప్పుడే జీపీటీకి మార్చేయండి. ఇందులో టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు.

ప్రశ్న: పాత డిస్క్‌లోని డేటా అంతా కొత్తదాంట్లోకి చేర్చాను. విండోస్ వేరే ఎస్‌ఎస్‌డీలో ఉంది. ఇక పాతదానితో పనిలేదని తీసేస్తే కంప్యూటర్ ఆన్ కావడం లేదు, బూట్ డివైస్ లేదంటోంది. తిరిగి పెడితే ఆన్ అవుతోంది. ఖాళీ డిస్క్‌లో ఏముందని?

జవాబు: మీరు ఖాళీ అనుకుంటున్న డిస్క్‌లో తాళంచెవి ఉంది. విండోస్ ఇన్‌స్టాల్ చేసిన రోజున రెండు డిస్కులూ తగిలించి ఉన్నాయి. అప్పుడు విండోస్ ఎస్‌ఎస్‌డీలో కూర్చుంది గానీ, తనను లేపే చిన్న బూట్ పార్టిషన్‌ను మాత్రం పాత డిస్క్‌లో పెట్టింది. అది కొద్ది వందల ఎంబీలే, ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూస్తే ‘ఈఎఫ్‌ఐ సిస్టమ్’ అనో ‘సిస్టమ్ రిజర్వ్‌డ్’ అనో కనిపిస్తుంది.

పాతదాన్ని తిరిగి పెట్టి, ఎస్‌ఎస్‌డీలో అలాంటి పార్టిషనే ఒకటి చేసి, ‘బీసీడీబూట్’ అనే కమాండ్‌తో బూట్ ఫైళ్లు అందులోకి రాయించాలి. చేయి తిరిగినవాళ్లకు పది నిమిషాల పని. తిరగకపోతే తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. అందాకా పాత డిస్క్‌ను ఫార్మాట్ చేయకండి. విండోస్ కొత్తగా వేసేటప్పుడు మిగతా డిస్కుల కేబుళ్లు పీకేసి ఉంచుతారు నాలాంటి ముసలి మెకానిక్కులు. పిరికితనం అనుకునేవాళ్లు మా కుర్ర స్టాఫ్, ఇలాంటి కేసు ఒకటి చూసేదాకా.

ఒకవేళ డిస్క్‌ను క్లోన్ చేసి, రెండూ తగిలించి ఉంచితే రెండోది ‘ఆఫ్‌లైన్’ అని, సిగ్నేచర్ కొలిజన్ అని చూపిస్తుంది. అది పాడైనట్టు కాదు. రెండింటికీ ఒకే గుర్తింపు సంఖ్య ఉంది, అంతే. ‘ఆన్‌లైన్’ చేస్తే విండోస్ దానికి కొత్త సంఖ్య ఇస్తుంది. కానీ ఆ క్లోన్ నుంచే రేపు బూట్ చేయాలనుకుంటే అలా చేయొద్దు. సంఖ్య మారితే బూట్ ఫైళ్లు దాన్ని గుర్తుపట్టకపోవచ్చు. ఆపి, అసలు డిస్క్ తీసేసి, క్లోన్ ఒక్కదానితో ఆన్ చేయండి.

ప్రశ్న: మీరు ఎప్పుడూ కలపొద్దు కలపొద్దు అంటారు. నాకు నాలుగు డిస్కులున్నాయి. డి, ఈ, ఎఫ్, జి. ఏ ఫొటో ఎక్కడుందో వెతకలేక చస్తున్నాను. వద్దని చెప్పడం తేలికే, దారి కూడా చెప్పాలి కదా. స్టోరేజ్ స్పేసెస్ మంచిదేనా?

జవాబు: అడిగిన తీరు బాగుంది. ముందు ఒక లెక్క. మాటవరసకు ఒక్కో డిస్క్‌కు ఏడాదిలో పోయే అవకాశం నూటికి 5 అనుకుందాం. నాలుగు కలిపి ఒకటే డ్రైవ్ చేస్తే, నాలుగింటిలో ఏదో ఒకటి పోయే అవకాశం నూటికి 18కి పైగా. విడిగా ఉంటే పోయేది పావు వంతు సరుకు, కలిపి ఉంటే మొత్తం. నేను వద్దనేది ఇందుకు. కలపడం మీద నాకేమీ పగ లేదు.

మీకు కావలసింది నిజానికి ఒకేచోట కనిపించడం. ఒకటే డ్రైవ్ కావడం కాదు. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. డి డ్రైవ్‌లో ‘ఫొటోలు’ అని ఫోల్డర్ చేసి, అందులో మూడు ఖాళీ ఫోల్డర్లు పెట్టండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఈ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ‘చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్’లో ‘యాడ్’ నొక్కితే, ఖాళీ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫోల్డర్‌కు ఆ డ్రైవ్‌ను తగిలించవచ్చు. ఎఫ్‌కూ జికీ అంతే. అప్పుడు ‘ఫొటోలు’ తెరిస్తే నాలుగు డిస్కులూ ఒకే ఇంట్లో గదుల్లా కనిపిస్తాయి. కానీ దేని ప్రాణం దానిదే. ఒకటి పోతే ఆ గది ఒక్కటే ఖాళీ అవుతుంది. చాలాకాలంగా విండోస్‌లో ఉన్న సౌకర్యం ఇది. ఎవరూ వాడరు ఎందుకో.

డిస్కులు కలిపే స్టోరేజ్ స్పేసెస్ 2012లో విండోస్ 8తో వచ్చింది. డైనమిక్ డిస్కుల (మొదటి ఉత్తరంలో చూసిన స్పాన్డ్ పద్ధతి) కంటే మెరుగే, మైక్రోసాఫ్ట్ కూడా ఇప్పుడు పాత పద్ధతి వాడొద్దనే అంటోంది. కానీ అందులో ‘సింపుల్’ ఎంచుకుంటే మళ్లీ మొదటికే వచ్చాం, ఒక డిస్క్ పోతే అంతా పోతుంది. ‘టూ వే మిర్రర్’ ఎంచుకుంటే ప్రతిదీ రెండు చోట్ల ఉంటుంది, చోటు సగమే మిగులుతుంది. ఆ సగం పోయిందని బాధపడేవాళ్లు చాలామంది, అది దేనికి వెచ్చించామో డిస్క్ పోయిన రోజు తెలుస్తుంది. ఇంకో మెలిక ఉంది: లేని చోటును కూడా ఉన్నట్టు చూపించగలదు అది. 10 టీబీ డ్రైవ్ చేసుకోమంటుంది, నిజంగా ఉన్నది 4 టీబీయే కావచ్చు. నిండే సమయానికి కొత్త డిస్క్ చేర్చుకుంటారన్న ధీమాతో. మీరు మాత్రం ఉన్నంతే రాయండి. యూఎస్‌బీ డిస్కులతో పూల్ (కలిపిన డిస్కుల గుంపు) కట్టొద్దు, ఎవరో ఒకరు చార్జింగ్ పెట్టుకోవడానికి దాని ప్లగ్ పీకుతారు.

మిర్రర్ ఉందని బ్యాకప్ మానేయకండి. పొరపాటున మీరు డిలీట్ చేసిన ఫొటోను మిర్రర్ రెండు చోట్లా ఎంతో విధేయంగా డిలీట్ చేస్తుంది.

ప్రశ్న: కలిపిన డిస్కుల్లో ఒకటి టక్ టక్ మంటూ ఆన్ కావడం లేదు. డీప్ ఫ్రీజర్‌లో రెండు గంటలు పెడితే పనిచేస్తుందని ఎవరో చెప్పారు. పెట్టాను. ఇప్పుడు తీసి తగిలించనా?

జవాబు: తగిలించొద్దు. చల్లటి డిస్క్‌ను బయటి గాలిలోకి తెస్తే లోపలా బయటా తేమ పడుతుంది. ప్లాటర్‌కూ (లోపల తిరిగే పళ్లానికీ) హెడ్‌కూ మధ్య ఉండే సందు నానోమీటర్లలో ఉంటుంది, అక్కడ నీటి పొర అంటే బండరాయి లాంటిది. గాలి చొరబడని కవర్లో పెట్టి, మూతి బిగించి, గది చలి, వేడికి అది సర్దుకునేదాకా ఒక రోజు అలాగే వదిలేయండి. తర్వాత కూడా మీరు ఆన్ చేయకండి. టక్ టక్ అనేది హెడ్ తన చోటు దొరక్క వెనక్కి వచ్చి కొట్టుకుంటున్న శబ్దం, ఆన్ చేసిన ప్రతిసారీ ప్లాటర్ గీసుకుపోయే ప్రమాదం ఉంది. ఇది ఇంట్లో తీరే పని కాదు, దుమ్ములేని గదిలో హెడ్ మార్చే డేటా రికవరీ వాళ్ల పని. వాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ ఒక్కదాన్నే కాకుండా, బాగున్న రెండో డిస్క్‌ను కూడా తీసుకెళ్లండి. అది లేకుండా సగం పుస్తకంతో వాళ్లు కూడా ఏమీ చేయలేరు. ఏది మొదటిదో, ఏది రెండోదో కాగితం మీద రాసి అంటించండి. ఫ్రీజర్‌లో పెట్టిన సంగతి కూడా సిగ్గుపడకుండా చెప్పేయండి, వాళ్లు ఇంతకంటే పెద్దవే విని ఉంటారు.